మారిషస్ ఖర్చు గీతను చదవడం ఎలా: ఒక చిన్న ద్వీప దేశపు మొత్తం దేశీయ వ్యయాన్ని ఏళ్ల వారీగా విశ్లేషించే పద్ధతి

ఒక దేశంలో ప్రజలు, ప్రభుత్వం, కంపెనీలు కలిసి ఏడాదికి ఎంత ఖర్చు పెడుతున్నాయో చూస్తే ఆ దేశం బతుకు చాలావరకు అర్థమవుతుంది. చిన్న ద్వీప దేశాల విషయంలో ఇది మరీ నిజం. అక్కడ బియ్యం, పెట్రోలు, సిమెంటు, బస్సు దాదాపు అన్నీ ఓడ మీద రావాల్సిందే. అందుకే అక్కడి ఖర్చుకూ ఉత్పత్తికీ మధ్య ఎప్పుడూ ఒక ఖాళీ కనిపిస్తుంది. ఆ ఖాళీ ఎందుకు పెరిగింది, ఎందుకు తగ్గింది, దాన్ని ఎవరు పూడుస్తున్నారు అన్నదే మన పని.

ఉదాహరణకు మారిషస్‌ను తీసుకుంటున్నాను. జనాభా సుమారు పన్నెండున్నర లక్షలు, విస్తీర్ణం సుమారు 2,040 చదరపు కిలోమీటర్లు. 1968 మార్చి 12న స్వాతంత్ర్యం వచ్చింది. గణాంకాలు పద్ధతిగా, చాలా ఏళ్లకు దొరుకుతాయి. మన వాళ్లకు ఆ దేశంతో పాత బంధమూ ఉంది. పంతొమ్మిదో శతాబ్దంలో కోరంగి రేవు నుంచి చెరకు తోటల్లో కూలికి వెళ్లిన కుటుంబాల వారసులు అక్కడ ఇప్పటికీ ఉన్నారు, ఉగాది అక్కడ సెలవు దినం. ఎకనామిక్స్ విద్యార్థులకైనా, పోటీ పరీక్షలకు చదివేవాళ్లకైనా, పత్రికల్లో రాసేవాళ్లకైనా ఈ పద్ధతి పనికొస్తుంది. కావలసింది ఒక ఎక్సెల్ షీటు, కొంచెం ఓపిక.

1. ఏం కొలుస్తున్నారో ముందు ఖాయం చేసుకోండి

మొత్తం దేశీయ వ్యయం అంటే మూడు పద్దుల కూడిక. కుటుంబాలు పెట్టే వినియోగ ఖర్చు ఒకటి. ప్రభుత్వం జీతాల మీద, స్కూళ్లు, ఆసుపత్రులు, పోలీసు లాంటి సేవల మీద పెట్టే వినియోగ ఖర్చు రెండోది. ఇళ్లు, రోడ్లు, యంత్రాలు, వాహనాల మీద పెట్టే పెట్టుబడి మూడోది, సరుకు నిల్వల్లో వచ్చిన మార్పు కూడా ఇందులోనే. వరల్డ్ బ్యాంకు పట్టికల్లో దీని పేరు గ్రాస్ నేషనల్ ఎక్స్‌పెండిచర్.

జీడీపీకీ దీనికీ తేడా ఒక్కచోటే ఉంది. జీడీపీ దేశంలో తయారైనదాని లెక్క. మొత్తం వ్యయం దేశంలో వాడుకున్నదాని లెక్క, ఆ వస్తువు ఎక్కడ తయారైందన్నది అనవసరం. రాజధాని పోర్ట్ లూయిస్‌లో ఒక కుటుంబం జపాన్ కారు కొంటే అది మొత్తం వ్యయంలో పడుతుంది, జీడీపీలో పడదు. అక్కడి బీచ్ హోటల్‌లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన జంట వారం రోజులు ఉంటే అది ఎగుమతి. జీడీపీలో ఉంటుంది, మొత్తం వ్యయంలో ఉండదు.

ఈ రెండో ఉదాహరణ దగ్గర కాస్త ఆగండి. 2019లో మారిషస్‌కు వచ్చిన పర్యాటకులు దాదాపు 13 లక్షల 80 వేల మంది, అంటే ఆ దేశ జనాభా కంటే ఎక్కువ. హోటళ్లు, టాక్సీలు, రెస్టారెంట్లు కిటకిటలాడుతుంటే దేశంలో ఖర్చు బాగా పెరిగిపోయిందని అనిపిస్తుంది. కానీ ఆ డబ్బు పర్యాటకులది కాబట్టి మన గీతలోకి నేరుగా రాదు. హోటల్ ఉద్యోగి ఆ జీతంతో ఫ్రిజ్ కొన్నప్పుడు, యజమాని కొత్త బ్లాకు కట్టినప్పుడు మాత్రమే వస్తుంది.

2. అంకెలు దించుకోండి

వరల్డ్ బ్యాంకు డేటా సైట్‌లో వరల్డ్ డెవలప్‌మెంట్ ఇండికేటర్స్ అన్న విభాగం ఉంటుంది. అక్కడ మారిషస్‌ను ఎంచుకుని ఈ వరుసలు దించుకోండి: మొత్తం వ్యయం ప్రస్తుత ధరల్లో (అంటే ఏ ఏటి లెక్క ఆ ఏటి ధరల్లో) స్థానిక కరెన్సీలో, అదే స్థిర ధరల్లో (అంటే అన్ని ఏళ్లనూ ఒకే ఆధార సంవత్సరపు ధరల్లో), అదే జీడీపీలో శాతంగా, దాని డిఫ్లేటర్ (ఆ వ్యయం తాలూకు ధరల సూచీ). వీటితోపాటు గృహ వినియోగం, ప్రభుత్వ వినియోగం, స్థూల పెట్టుబడి, ఎగుమతులు, దిగుమతులు, జీడీపీ. డాలర్ల వరుస కూడా దొరుకుతుంది కానీ ప్రస్తుతానికి దాన్ని ముట్టుకోకండి, ఎందుకో తర్వాత చెబుతాను. చాలా వరుసలు 1970ల మధ్య నుంచి మొదలవుతాయి.

తర్వాత స్టాటిస్టిక్స్ మారిషస్ సైట్‌కు వెళ్లండి. ఆ దేశపు జాతీయ ఖాతాలను, అంటే ఉత్పత్తి, ఖర్చుల అధికారిక లెక్కలను తయారుచేసే ప్రభుత్వ సంస్థ అదే. వాళ్ల నివేదికల్లో పెట్టుబడిని నివాస భవనాలు, ఇతర కట్టడాలు, యంత్రాలు అని విడదీసి ఇస్తారు. విమానాలు, ఓడల కొనుగోలును కలిపి ఒక అంకె, తీసేసి ఇంకో అంకె కూడా ఇస్తారు. ద్వీప దేశానికి ఈ రెండో అంకె ఎంత విలువైనదో ముందు ముందు మీకే తెలుస్తుంది.

ఒక జాగ్రత్త. జాతీయ ఖాతాలు జనవరి నుంచి డిసెంబరు దాకా నడుస్తాయి, ప్రభుత్వ బడ్జెట్ ఇప్పుడు జూలై నుంచి జూన్ దాకా నడుస్తుంది. మధ్యలో 2010 నుంచి 2014 దాకా బడ్జెట్‌ను కూడా క్యాలెండర్ ఏడాదికే మార్చి, మళ్లీ పాత పద్ధతికి వెళ్లారు. బడ్జెట్ ప్రసంగంలోని అంకెను తెచ్చి జాతీయ ఖాతాల పక్కన పెట్టేశారంటే ఆరు నెలలు అటూ ఇటూ అయిపోతుంది.

3. కూడిక సరిపోతుందో చూడండి

ఈ పని చాలామంది దాటేస్తారు. దాటేయకండి. మొత్తం వ్యయాన్ని రెండు దారుల్లో లెక్క కట్టవచ్చు. మూడు పద్దులు కూడితే ఒక అంకె వస్తుంది. జీడీపీకి దిగుమతులు కలిపి ఎగుమతులు తీసేస్తే ఇంకో అంకె వస్తుంది. ప్రస్తుత ధరల్లో ఈ రెండూ దాదాపు సమానం కావాలి. కొద్దిపాటి తేడాను గణాంక వ్యత్యాసం అని వదిలేయవచ్చు. తేడా పెద్దగా ఉంటే మీరు ఒక వరుసను తప్పు యూనిట్‌లో దించుకుని ఉంటారు, లేదా ఒక పట్టిక పాత సవరణ, ఇంకోటి కొత్త సవరణ అయి ఉంటుంది.

స్థిర ధరల్లో మాత్రం ఈ కూడిక కుదరాలని పట్టుబట్టకండి. ఒక్కో పద్దుకు ఒక్కో ధరల సూచీ వాడతారు కాబట్టి ఆధార సంవత్సరం నుంచి దూరం వెళ్లేకొద్దీ కూడిక తేడా పడుతుంది. అందుకే వాటాలు ఎప్పుడూ ప్రస్తుత ధరల్లో, వృద్ధి రేట్లు ఎప్పుడూ స్థిర ధరల్లో లెక్క కట్టండి. ఈ ఒక్క నియమం పాటిస్తే సగం తప్పులు తప్పుతాయి.

4. మొదటి గీత: జీడీపీలో శాతంగా

అడ్డంగా సంవత్సరాలు, నిలువుగా మొత్తం వ్యయం జీడీపీలో ఎంత శాతమో పెట్టి గీత గీయండి. 100 దగ్గర ఒక అడ్డగీత వేయండి. గీత 100కు పైన ఉంటే దేశం తాను తయారుచేసినదాని కంటే ఎక్కువ వాడుకుంటోంది, అంటే వస్తువులు, సేవల వాణిజ్యంలో లోటు ఉంది. కింద ఉంటే మిగులు.

మారిషస్ గీత చాలా ఏళ్లు 100కు పైనే ఉంటుంది. 2010ల చివర్లో 110 శాతానికి అటూ ఇటూగా ఉంది. 1980ల మధ్యలో మాత్రం గీత 100 దగ్గరికి దిగివచ్చిన చోటు కనిపిస్తుంది. ఆ దిగుడుకు కారణం కింద చెబుతాను.

110 అనగానే మనకు అప్పు చేసి పప్పుకూడు అన్న సామెత గుర్తొస్తుంది. తొందరపడకండి. ఆ పది శాతం దేనికి పోయిందో తెలియకుండా మంచీ చెడూ చెప్పలేం. కొత్త మిల్లు యంత్రాలకు పోతే రేపటి ఎగుమతి అవుతుంది. పెట్రోలుకు పోతే ఈ రోజే కాలిపోతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. శాతం అంటే భాగహారం, అందులో కింది అంకె కూడా కదులుతుంది. 2020నే తీసుకోండి. మార్చిలో సరిహద్దులు మూసేశారు. పర్యాటకుల సంఖ్య ఆ ఏడాది సుమారు 3 లక్షలకు పడిపోయింది. జీడీపీ దాదాపు 15 శాతం కుంచించుకుపోయింది. ఇలాంటి ఏడాదిలో ఖర్చు తగ్గినా శాతం పెరగవచ్చు. ఊహకు ఒక లెక్క చూడండి: ముందు ఏడాది జీడీపీ 100, ఖర్చు 110. తర్వాతి ఏడాది జీడీపీ 85, ఖర్చు 96. ఖర్చు దాదాపు 13 శాతం పడిపోయింది, కానీ శాతం మాత్రం 110 నుంచి 113కి ఎక్కింది. గీత మాత్రమే చూసినవాళ్లు కరోనా ఏడాదిలో జనం విచ్చలవిడిగా ఖర్చు పెట్టారని రాసేస్తారు. జనం కడుపు కట్టుకున్న సంవత్సరాన్ని అలా చిత్రించడం అన్యాయం. కాబట్టి శాతం గీత ఎక్కడ గట్టిగా కదిలిందో ప్రతిచోటా, కదిలింది పైఅంకెనా కింది అంకెనా అని విడిగా చూడండి.

5. మూడు పద్దులుగా విడగొట్టండి

నా దృష్టిలో అసలు విషయం ఇక్కడే ఉంది. సమయం తక్కువైతే మిగతా మెట్లలో తగ్గించుకోండి, ఇక్కడ మాత్రం తగ్గించకండి.

గృహ వినియోగం, ప్రభుత్వ వినియోగం, పెట్టుబడి మూడింటినీ జీడీపీలో శాతాలుగా ఒకదాని మీద ఒకటి పేర్చి బొమ్మ గీయండి. 2009 ప్రాంతాన్ని, 2016 ప్రాంతాన్ని పక్కపక్కన పెట్టి చూడండి. పైన మొత్తం ఎత్తులో మీకు పెద్ద తేడా కనిపించదు, రెండుచోట్లా 110కి దగ్గర్లోనే ఉంటుంది. లోపల మాత్రం దేశం మారిపోయింది. 2009లో జీడీపీలో పెట్టుబడి వాటా పాతిక శాతానికి పైగా ఉంది. 2015 నుంచి 2017 మధ్య అది 17 శాతం చుట్టుపక్కలకి జారింది. ఆ ఖాళీలో చాలా భాగాన్ని గృహ వినియోగం నింపింది. ఇదే విషయాన్ని పొదుపు వైపు నుంచి చూస్తే, 2000 ప్రాంతంలో జీడీపీలో దాదాపు నాలుగో వంతు ఉన్న దేశీయ పొదుపు 2010ల చివరికి పది శాతం దగ్గరికి వచ్చేసింది.

మొత్తం గీత నిలకడగా ఉంది కాబట్టి ఏమీ జరగలేదని రాయడం, ఈ విషయంలో నేను చూసే తప్పుల్లో అన్నిటికంటే పెద్దది. రేపటి కోసం పెట్టే ఖర్చు తగ్గి ఈ రోజు కోసం పెట్టే ఖర్చు పెరిగితే అది దేశ జీవితంలో పెద్ద మలుపు.

ఇప్పుడు పద్దుల్లోకి వెళ్లేటప్పుడు కొన్ని చోట్ల జాగ్రత్తగా ఉండాలి.

పింఛను సంగతి మొదట. మారిషస్‌లో ఆదాయంతో సంబంధం లేకుండా వృద్ధులందరికీ ప్రాథమిక పింఛను ఇస్తారు. 2014 డిసెంబరు ఎన్నికల తర్వాత అది నెలకు 5,000 మారిషస్ రూపాయలైంది, 2020 జనవరి నుంచి 9,000 అయింది. బడ్జెట్‌లో ఇది పెద్ద ప్రభుత్వ ఖర్చు. కానీ మన పట్టికలో ప్రభుత్వ వినియోగం కింద దీన్ని వెతికితే దొరకదు. పింఛను బదిలీ మాత్రమే. ఆ డబ్బుతో పెద్దావిడ మందులు, కూరగాయలు కొన్నప్పుడు అది గృహ వినియోగంలో పడుతుంది. కాబట్టి గృహ వినియోగం పెరిగిందంటే ప్రజలు సొంతంగా సంపాదించి పెట్టిన ఖర్చే పెరిగిందని అనుకోకూడదు. 2020లో ప్రైవేటు ఉద్యోగుల జీతాలకు ప్రభుత్వం ఇచ్చిన సాయానికీ ఇదే మాట వర్తిస్తుంది. ఉచిత హైస్కూలు చదువు అలా కాదు. 1977 నుంచి అమలైన ఆ పథకంలో టీచర్ల జీతాలు ప్రభుత్వ వినియోగంలోనే లెక్కకొస్తాయి. ఒకే ప్రభుత్వం, రెండు రకాల ఖర్చు, రెండు వేర్వేరు పద్దులు.

తర్వాత విమానం. ఇంత చిన్న ఆర్థిక వ్యవస్థలో ఒక్క పెద్ద విమానం కొన్నా ఆ త్రైమాసికంలో పెట్టుబడి గీత ఒక్కసారిగా ఎగిరి, తర్వాతి త్రైమాసికంలో కూలిపోతుంది. అదే మొత్తం దిగుమతుల్లోనూ కనిపిస్తుంది కాబట్టి జీడీపీ మీద ప్రభావం దాదాపు సున్నా. పైన చెప్పిన విమానాలు, ఓడలు లేని అంకె ఇందుకే. పెట్టుబడి ధోరణి రాసేటప్పుడు ఆ అంకెనే వాడండి.

మెట్రో కూడా కొంత ఇలాంటిదే, కానీ పూర్తిగా కాదు. పోర్ట్ లూయిస్ నుంచి క్యూర్‌పైప్ వైపు వేసిన మెట్రో ఎక్స్‌ప్రెస్‌ను మన లార్సెన్ అండ్ టూబ్రో కట్టింది. భారత ప్రభుత్వం 2016లో ప్రకటించిన 35 కోట్ల 30 లక్షల డాలర్ల ప్యాకేజీలో సాయం అందింది. రైలు పెట్టెలు స్పెయిన్‌లో తయారై వచ్చాయి. పట్టాలు వేసిన కూలి, స్థానికంగా కొన్న రాయి, ఇసుక జీడీపీకి తోడయ్యాయి. పెట్టెల ఖరీదు పెట్టుబడిలో చేరి దిగుమతిగా తీసివేతకు గురైంది. పెద్ద ప్రాజెక్టు కనిపించినప్పుడల్లా అందులో ఎంత భాగం ఓడ దిగివచ్చిందో తెలుసుకోండి.

సముద్రతీర విల్లాలు ఇంకో రకం. 2002లో వచ్చిన పథకం కింద విదేశీయులు అక్కడ ఖరీదైన విల్లాలు కొనుక్కోవచ్చు. ఆ కట్టడం దేశంలోనే జరుగుతుంది కాబట్టి పెట్టుబడిలో చేరుతుంది. నివాస భవనాల పెట్టుబడి పెరిగిందంటే మారిషస్ వాసులకు ఇళ్లు పెరిగాయని అర్థం చేసుకోకూడదు.

ఇక మన దేశంలో చాలామంది తడబడే చోటు. భారత్‌కు వచ్చే విదేశీ పెట్టుబడుల జాబితాలో మారిషస్ పేరు ఏళ్ల తరబడి పైవరుసలో ఉంది. 1982లో కుదిరిన పన్ను ఒప్పందం దానికి ప్రధాన కారణం, 2016లో దాన్ని సవరించారు. ఆ వేల కోట్ల డాలర్లు మారిషస్ కంపెనీల ఖాతాల మీదుగా వెళ్లే ఆర్థిక లావాదేవీలు. అక్కడ ఇటుక మీద ఇటుక పేర్చినది కాదు కాబట్టి దేశీయ వ్యయంలో వాటికి చోటు లేదు. ఆ కంపెనీల ఆఫీసుల్లో పనిచేసే అకౌంటెంటు తన జీతంలోంచి పెట్టే ఖర్చుకు చోటు ఉంది.

6. కాలాన్ని ముక్కలుగా కోయండి

యాభై ఏళ్ల గీత మీద ఒకే సగటు వృద్ధి రేటు కట్టడంలో ప్రయోజనం లేదు. మలుపులు ఎక్కడున్నాయో చరిత్ర చెబుతుంది, అక్కడ కోయండి. మారిషస్‌కు నేను ఇలా కోస్తాను.

1970లు చక్కెర దశకం. 1974 ప్రాంతంలో ప్రపంచ చక్కెర ధర ఆకాశాన్ని అంటింది. 1975లో యూరప్‌తో కుదిరిన లోమే ఒప్పందం కింద హామీ ధర కూడా దొరికింది. చేతిలో డబ్బు ఆడింది, జీతాలు పెరిగాయి, సబ్సిడీలు పెరిగాయి, దిగుమతులు పెరిగాయి. ధర పడిపోయాక కూడా ఖర్చు వెంటనే పడలేదు. ఖర్చుకు అలవాటు పడటం తేలిక, మానడం కష్టం, ఇది దేశాలకూ వర్తిస్తుంది. పైగా రెండో చమురు సంక్షోభం, తుఫాన్లు వచ్చిపడ్డాయి. 1979లో, మళ్లీ 1981లో రూపాయి విలువ తగ్గించి ఐఎంఎఫ్ సాయం తీసుకోవాల్సి వచ్చింది.

ఆ తర్వాతి కొన్నేళ్లు బిగింపు. 1980ల మధ్యకు వచ్చేసరికి వేరే కథ మొదలైంది. 1970లో చట్టం చేసిన ఎగుమతి మండలాల్లో బట్టల ఫ్యాక్టరీలు వరసగా వెలిశాయి, ఆడవాళ్లకు పెద్ద సంఖ్యలో ఉద్యోగాలు వచ్చాయి. 1986లో కరెంట్ ఖాతా (విదేశాలతో వాణిజ్యం, ఆదాయాలు కలిపిన లెక్క) మిగులులోకి వచ్చింది. శాతం గీత 100 దగ్గరికి దిగిన చోటు ఇదే. ఇక్కడ గమనించాల్సింది, గీత దిగింది కేవలం జనం ఖర్చు మానుకోవడం వల్ల కాదు, ఎగుమతుల వల్ల ఉత్పత్తి పెరగడం వల్ల కూడా. 1961లో జేమ్స్ మీడ్ అనే ఆర్థికవేత్త ఈ ద్వీపం భవిష్యత్తు గురించి చాలా నిరాశగా నివేదిక ఇచ్చాడు. ఈ ముక్కను గీసి చూస్తే ఆ అంచనా ఎందుకు తప్పిందో కళ్లకు కడుతుంది.

మూడో ముక్క 2005 నుంచి. బట్టల ఎగుమతులకు కోటాల రక్షణ 2004తో ముగిసింది. యూరప్ చక్కెర హామీ ధరను దశలవారీగా 36 శాతం కోసింది. చమురు ధర పెరిగింది. మూడూ ఒక్కసారే వచ్చాయి. 2006లో ఆర్థిక మంత్రి రామ సీతానెన్ తెచ్చిన సంస్కరణలతో పన్నును 15 శాతానికి చదును చేసి పెట్టుబడులకు తలుపులు తెరిచారు. 2009 ప్రాంతంలో పెట్టుబడి వాటా అంత ఎత్తున ఉండటానికి హోటళ్లు, విల్లాలు, ఆఫీసు భవనాలు ఒక కారణం. తర్వాతిది అయిదో మెట్టులో చూసిన జారుడు. ఆఖరి ముక్క 2020 తర్వాతది, దాన్ని విడిగానే ఉంచండి.

ప్రతి ముక్కకూ వార్షిక సగటు వృద్ధి కట్టండి: స్థిర ధరల్లో చివరి ఏడాది విలువను మొదటి ఏడాది విలువతో భాగించి, ఎన్నేళ్లో అన్నో మూలం తీసి, 1 తీసేయండి. మొదటి, చివరి సంవత్సరాలు మామూలు సంవత్సరాలై ఉండాలి. 2020ను ఏ ముక్కకూ అంచుగా పెట్టకండి. దాన్ని మొదటి ఏడాదిగా పెడితే వృద్ధి గొప్పగా, చివరి ఏడాదిగా పెడితే ఘోరంగా కనిపిస్తుంది.

7. వృద్ధిలో ఎవరి వంతు ఎంత

పెద్ద పద్దు మెల్లగా, చిన్న పద్దు వేగంగా కదులుతాయి కాబట్టి వృద్ధి రేట్లు పక్కపక్కన పెట్టడం చాలదు. ముందు ఏడాది వాటాతో ఈ ఏడాది వృద్ధిని గుణించండి. ఊహకు: మొత్తం 110లో గృహ వినియోగం 75, ప్రభుత్వం 15, పెట్టుబడి 20 అనుకుందాం. గృహ వినియోగం 2 శాతం పెరిగితే మొత్తానికి దాని వంతు 1.4 పాయింట్లు. ప్రభుత్వం 3 శాతం పెరిగితే 0.4. పెట్టుబడి 15 శాతం పెరిగితే 2.7. మొత్తం వృద్ధి 4.5లో సగానికి పైగా, అయిదో వంతు కూడా లేని పద్దు నుంచి వచ్చింది.

త్రైమాసిక అంకెలు వాడుతుంటే, ఏడాది చివరి మూడు నెలల్లో గృహ వినియోగం ఎప్పుడూ ఉబ్బి ఉంటుందని గుర్తుంచుకోండి. అక్కడ డిసెంబరులో చట్టప్రకారం ఏడాది చివరి బోనస్ ఇస్తారు. ఆ త్రైమాసికాన్ని దాని ముందుదానితో కాకుండా పోయిన ఏడాది అదే త్రైమాసికంతో పోల్చండి.

8. ధరలు, కరెన్సీ

2019లో మారిషస్‌లో ద్రవ్యోల్బణం ఒక శాతం కూడా లేదు. 2022లో 10.8 శాతం. అలాంటి ఏడాదిలో రూపాయల్లో ఖర్చు 12 శాతం పెరిగిందనుకున్నా, ధరలు 10.8 శాతం పెరిగి ఉంటే, నిజంగా పెరిగింది దాదాపు ఒక శాతమే. జనం పెద్దగా ఎక్కువ కొనలేదు, దాదాపు అవే సరుకులకు ఎక్కువ కట్టారు. ఈ తేడా చూపించకపోతే బతుకు భారమైన ఏడాది మీ రాతలో బతుకు బాగుపడిన ఏడాదిగా మారిపోతుంది.

ధరల సూచీ విషయంలో కూడా ఎంపిక ఉంది. జీడీపీ డిఫ్లేటర్‌తో మొత్తం వ్యయాన్ని భాగించకండి. ద్వీప దేశం వాడుకునేది ఒకటి, తయారుచేసేది ఇంకొకటి. చమురు ధర పెరిగితే వ్యయపు డిఫ్లేటర్ జీడీపీ డిఫ్లేటర్ కంటే వేగంగా పెరుగుతుంది. చక్కెర ధర పెరిగితే తిరగబడుతుంది. మొత్తం వ్యయానికి దాని సొంత డిఫ్లేటర్ ఉంది, రెండో మెట్టులో దించుకున్నది అదే. ఈ రెండు డిఫ్లేటర్లను ఒకే బొమ్మలో గీస్తే ఇంకో లాభం ఉంది: అంతర్జాతీయ ధరలు ఏ ఏడాది దేశానికి కలిసొచ్చాయో, ఏ ఏడాది దెబ్బకొట్టాయో కనిపిస్తుంది.

డాలర్ల వరుసను ముట్టుకోవద్దన్నది ఇందుకే. 2019లో డాలరుకు సుమారు 35, 36 మారిషస్ రూపాయలు ఉండేవి. 2022 నాటికి 44 దగ్గరికి వచ్చింది. స్థానిక కరెన్సీలో పెరిగిన ఖర్చు డాలర్లలో తగ్గినట్టు కనిపించవచ్చు. అక్కడి కుటుంబం ఖర్చు పెట్టేది రూపాయల్లో. మాల్దీవులు, ఫిజీ లాంటి దేశాలతో పోల్చాల్సి వస్తే అప్పుడు కూడా డాలర్ల మొత్తం కాకుండా జీడీపీలో శాతాన్నే వాడండి.

9. ఖాళీని ఎవరు పూడ్చారు

మొత్తం వ్యయం జీడీపీని మించినప్పుడు ఆ తేడా ఎక్కడో ఒకచోట నుంచి రావాలి. చెల్లింపుల శేషం (విదేశాల నుంచి వచ్చిన, విదేశాలకు పోయిన డబ్బు లెక్క) పట్టిక తెరవండి, దాన్ని కేంద్ర బ్యాంకు అయిన బ్యాంక్ ఆఫ్ మారిషస్ ప్రచురిస్తుంది. మామూలు ఏడాదిలో వస్తువుల వాణిజ్యంలో పెద్ద లోటు ఉంటుంది, పర్యాటకం లాంటి సేవలు దానిలో కొంత పూడుస్తాయి, విదేశాల నుంచి వచ్చే ఆదాయాలు ఇంకొంత. మిగిలినదానికి విల్లాలు కొన్న విదేశీయుల డబ్బు, అప్పులు, లేదా దేశం దాచుకున్న విదేశీ మారక నిల్వలు.

2020లో పర్యాటకం ఆగిపోవడంతో ఈ అమరిక కుదేలైంది. ఆ ఏడాది బ్యాంక్ ఆఫ్ మారిషస్ ప్రభుత్వానికి 6,000 కోట్ల మారిషస్ రూపాయలు ఇచ్చింది. ఇక్కడ ఒక తేడా గట్టిగా పట్టుకోవాలి. కేంద్ర బ్యాంకు రూపాయలు ఇవ్వగలదు, దాంతో జీతాలు, పింఛన్లు ఆగకుండా నడుస్తాయి. పెట్రోలు ఓడకు మాత్రం డాలర్లే కట్టాలి. అంతర్గత లోటు ఎలా పూడింది, విదేశీ లోటు ఎలా పూడింది అని రెండు వేర్వేరు పేరాలుగా రాయండి. కలిపి రాస్తే రెండూ అర్థం కావు.

10. రాసేటప్పుడు

ఒక్కో ముక్కకు నాలుగు వాక్యాలు చాలు: నిజమైన వృద్ధి ఎంత, అది ఏ పద్దు నుంచి వచ్చింది, జీడీపీతో పోలిస్తే ఖాళీ పెరిగిందా తగ్గిందా, దాన్ని దేనితో పూడ్చారు. ప్రతి అంకె పక్కన ప్రస్తుత ధరలా స్థిర ధరలా, క్యాలెండర్ ఏడాదా ఆర్థిక సంవత్సరమా అన్నది తప్పకుండా రాయండి. కారణం చెప్పేటప్పుడు, ఒక సంఘటన తర్వాత గీత కదిలింది కాబట్టి దానివల్లే కదిలిందని రాసేయకుండా, ఆ సంఘటన ఏ పద్దులో పడాలో ముందు ఆలోచించి, నిజంగా ఆ పద్దే కదిలిందో లేదో చూడండి. పింఛను పెరిగితే గృహ వినియోగం కదలాలి. కదిలింది యంత్రాల పెట్టుబడి అయితే కారణం ఇంకోచోట వెతకాలి.

జాతీయ ఖాతాలు తరచూ సవరిస్తారు, ఆధార సంవత్సరం మార్చినప్పుడైతే పాత ఏళ్ల అంకెలు కూడా మారిపోతాయి. అందుకే దించుకున్న ప్రతి ఫైలు పేరులో ఆ రోజు తేదీ పెట్టండి, పాత ఫైలును చెరపకండి. వచ్చే ఏడాది కొత్త వరుస వచ్చినప్పుడు ఒక్క కొత్త సంవత్సరాన్ని పాత పట్టిక చివర అతికించకుండా, మొత్తం వరుసను మళ్లీ దించుకుని మూడో మెట్టు కూడిక నుంచి మొదలుపెట్టండి.